అజా వేళకు పాలు

వినాయక చవితి పోయిన రెండు వారాలకు, మంగళవారం నాడు, మధ్యాహ్నం ఒంటిగంట వేళ జరిగింది ఇది. ఇండియా సైన్యం కోదాడ దారిన సూర్యాపేటలోకి వచ్చి, నిజాం రాజ్యం ఖతమైన తర్వాత మొదటి మంగళవారం. ఒంటిగంట అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ రోజు మా ఇంట్లో గంట చెప్పే వస్తువేదీ లేదు. అది లేకపోవడం గురించే ఈ రాత.

నేను అక్షరాలు నేర్చుకున్నది నెత్తి నెరిసిన తర్వాత. పెద్ద మాటలు నాకు రావు. మెత్తగా చెప్పడం అసలే రాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, చదవలేనివాళ్లు పక్కన పెట్టేయండి.

అప్పుడు నేను తొలిచూలు బాలింతను. అత్తగారిది కోదాడ పక్క పల్లె. కాన్పుకు సూర్యాపేటలో అమ్మగారింటికి వచ్చాను. మా నాయిన బండి కిరాయికి తోలేవాడు. కోదాడకు, మిర్యాలగూడకు, ఎటు సరుకుంటే అటు. ఇంట్లో నాయిన, అమ్మ, నాయిన తల్లి అయిన మా నాయనమ్మ. దొడ్డిగోడకు అవతల చిన్న మసీదు. అందులో నమాజుకు అజా పిలిచే ముసలాయనను నాయిన సాబు అనేవాడు, నేను తాత అనేదాన్ని. ఆయన భార్యను వాడంతా బీబీ అనే పిలిచేది. మా ఇంటి చారు ఆ గోడ మీదుగా అటు పోయేది, వాళ్ల రొట్టె ఇటు వచ్చేది. నేను ఆయన గొంతు వింటూ పెరిగాను. పొద్దుటి అజా మా అమ్మకు లేచి వాకిలి ఊడ్చే వేళ, మాపటి అజా మా నాయిన ఎడ్లకు నీళ్లు పెట్టే వేళ. మాకదే గడియారం.

నొప్పులు మొదలై ఒక పగలు, ఒక రాత్రి గడిచినా బిడ్డ కదలలేదు. మంత్రసాని చేతులు కడుక్కొని, "ఇగ నాతోని కాదు. దవాఖానకు తీస్కపోండ్రి" అంది. బజారు చివర ఒక చిన్న దవాఖాన ఉండేది, ఇప్పుడు లేదు. నాయిన బండిలో గడ్డి పరిచి నన్ను అక్కడికి తోలాడు. అక్కడ ఒక నర్సమ్మ. బెజవాడ వైపు మనిషి, కిరస్తానీ పిల్ల, పెళ్లి కాలేదు. ఆమె చేతుల్లోనే నా బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చిన ఏడుపుకు వరండాలో ఉన్న మా నాయిన లేచి నిలబడ్డాడట.

గొడవంతా పాల దగ్గర మొదలైంది.

మా వాళ్లలో ముర్రుపాలు బిడ్డకు తాపించేవాళ్లు కాదు. పచ్చగా, చిక్కగా వచ్చే ఆ మొదటి పాలు పిండి పారబోసేవాళ్లు. మూడు రోజులు బిడ్డ నోట్లో ఆముదంలో ముంచిన గుడ్డ ఒత్తి, ఆ తర్వాత మేకపాలు. మా అమ్మను అట్లనే పెంచారు, నన్నూ అట్లనే పెంచారు. మా నాయనమ్మ ఆముదం గిన్నె కొంగు కింద పెట్టుకొని దవాఖానకు వచ్చింది. నర్సమ్మ ఆ గిన్నె చూసి తీసి కిటికీలో పెట్టింది.

"మామ్మగారూ, ఆముదం వద్దండి. తల్లిపాలే పట్టాలి. ఈ పచ్చపాలే ముందు పట్టాలి."

"అవి పాలా? సీము లెక్కున్నయి. పసిదానికి పడతయా?"

"పడతాయండి. రోగం రాకుండా కాసేవి అవే."

మా నాయనమ్మ ఆమెను కిందికీ మీదికీ చూసింది. "నువ్వు కన్నవా పిల్లలను? మెడల నల్లపూస లేదు, నాకు జెప్పొచ్చినవ్."

"కనలేదు మామ్మగారూ. కన్నవాళ్ల పక్కన నిలబడటమే నా పని. మీరు వంట రాకుండానే కాపురానికి వెళ్లారా, నేర్చుకునే వెళ్లారా?"

"నేర్సుకోనే పోయిన."

"నేనూ నేర్చుకునే వచ్చాను."

మంచంలో పడున్న నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. నర్సమ్మ నా రవిక విప్పి, బిడ్డ నోరు తనే తెచ్చి నా రొమ్ముకు ఆనించింది. బిడ్డ పట్టింది. మా నాయనమ్మ ముఖం గోడకు తిప్పుకొని కూర్చుంది. రేపు కక్కుద్ది చూడు, ఎల్లుండి విరేచనాలవుతయి చూడు అని మూడు రోజులు కాచుకుంది. ఏమీ కాలేదు. పిల్ల గులాబీ పువ్వులా నిగారించింది. మా వాడలో మేకపాలు తాగిన బిడ్డలకు మొదటి వారం పొట్ట ఉబ్బడం చూసిన మనిషే మా నాయనమ్మ. నాలుగో రోజున ఆమే కిటికీలోని ఆముదం గిన్నె తీసుకొని, "ఏమో అనుకున్న గని, సదువుకున్న పిల్లనే" అని తలకు రాసుకుంది.

ఇదెందుకు చెబుతున్నానంటే, మా ఇల్లు ఆ రోజు నుంచి నర్సమ్మ మాటకు కట్టుబడిపోయింది. ఒక మాట నిజమైంది గదా, ఇగ ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే. మనిషి మీద గురి కుదిరితే మనం అట్లనే చేస్తాం.

ఆమె చెప్పిన రెండో మాట వేళల గురించి. ఆ రోజుల్లో దవాఖానల్లో అదే పద్ధతి. పైనుంచి వచ్చిన ఉత్తర్వు, డాక్టరు చెప్పమంటాడు, నర్సులు చెబుతారు. బిడ్డకు పాలు గంట చూసి ఇవ్వాలి. పొద్దున ఆరింటికి, పదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి. ఐదుసార్లు. మధ్యలో ఏడ్చినా ఇవ్వకూడదు. ఊరికే ఏడ్చే బిడ్డకు పాలిస్తే మొండితనం వస్తుంది. ఏడిస్తే ఊపిరితిత్తులకు మంచిది. రాత్రిపూట పొట్టకు సెలవు.

దవాఖానలో ఉన్నన్నాళ్లు ఇది బాగానే నడిచింది. గోడకు పెద్ద గడియారం ఉండేది. నర్సమ్మ దాన్ని చూసి చిన్న ఇత్తడి గంట కొట్టేది. గంట మోగితే బాలింతలమందరం పిల్లలను ఎత్తుకునేవాళ్లం. ఇంటికి పోయేనాడు నర్సమ్మ మళ్లీ చెప్పింది. "ఐదుసార్లు, మరిచిపోకు అమ్మాయ్. ఏడుస్తోందని జాలిపడకు."

బండిలో వస్తుంటే అమ్మ అడిగింది. "ఐదుపార్లంటే సరే. మనింట్ల గంటెవరు కొడ్తరు?"

నాయిన ఎడ్లను అదిలిస్తూ అన్నాడు. "గంట లేకుంటేంది? గోడకవతల సాబు దినాం ఐదుపార్లు పిలుస్తనే ఉన్నడు గదా. గా పిలుపుకే ఇయ్యిండ్రి."

మాకు అది ఎంత తెలివిగా తోచిందో. ఐదూ ఐదూ సరిపోయాయి. మా నాయనమ్మ, "దేవుడు గోడకవతల్నే గడియారం పెట్టిండు" అని మురిసిపోయింది.

ఐదు పిలుపులూ సమానంగా రావని మాకు తెలియక కాదు. పుట్టినప్పటి నుంచి వింటున్నవే. మొదటిది కోడికూతకు, ఇంకా మసక ఉండగానే. రెండోది మధ్యాహ్నం బువ్వ వేళ దాటాక. ఆ తర్వాత మూడూ ఒకదాని వెంట ఒకటి. పొద్దు వాలేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు, చీకటి పడ్డాక. కోడికూత నుంచి బువ్వ వేళ దాకా బిడ్డకు చుక్క ఉండదు. చీకటి పడ్డాక మళ్లీ కోడికూత దాకా చుక్క ఉండదు. సాయంత్రం మాత్రం ఒకదానిమీద ఒకటి, తాగింది కక్కేదాకా. నర్సమ్మ చెప్పిన ఐదు వేరు, మా ఐదు వేరు. కానీ మాకు లెక్కంటే ఐదే. గంటకూ గంటకూ మధ్య ఎంతనేది గడియారం ఉన్న ఇంటివాళ్లకు తట్టే మాట. మాకు తట్టలేదు.

పొద్దున పూట నా బిడ్డ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ముందు గట్టిగా, తర్వాత కోపంగా, తర్వాత బతిమాలినట్టు. నా రొమ్ములు రాళ్లలా గట్టిపడి, పాలు వాటంతటవే కారి రవిక తడిసి చీర దాకా దిగేవి. పాలు నేల మీద పడుతుంటే బిడ్డ పక్కన ఏడ్చేది. నేను ఎత్తుకుంటే నాయనమ్మ లాక్కునేది. "ఓర్సుకోవే. ముర్రుపాలప్పుడు నేను గిట్లనే నోరు పారేసుకుంటి. నర్సమ్మ మాటనే నిజమాయె."

ఒక రోజు గోడ మీదుగా బీబీ తల పెట్టింది.

"ఏమే పిల్లా, పసిది గంతగనం ఏడుస్తుంటే పాలియ్యవేంది? రొమ్ములు అమ్ముకున్నవా?"

"ఇంక అజా కాలేదు బీబీ."

"అజా నమాజుకు. పాలకు గాదు. నీ బిడ్డేమన్న నమాజు సదువుతదా?"

"దవాఖాన పద్ధతి బీబీ, నీకు తెల్వది" అంది నాయనమ్మ.

"నాకు తెల్వదు. నేను ఏడుగురిని కన్న, ఏడుగురు ఏడిసినప్పుడల్ల తాగిన్రు. గిప్పుడు వాళ్లు నామీదికి లేస్తున్నరు, గంత బలమున్నది." బీబీ గోడ మీంచి తల తీసి వెళ్లిపోయింది. పోతూ పోతూ గోడ మీద ఒక రొట్టె పెట్టింది.

తాతకూ మా సంగతి తెలిసింది. ఒకనాడు నాయినతో అంటుంటే విన్నాను. "నేను కాళ్లు చేతులు కడుక్కుంటుంటే నీ మనవరాలి ఏడుపు ఇనొస్తది. జర ముందుగాల పిలుద్దునా అనిపిస్తది. గని పొద్దు నా చేతిల లేదు."

"నీ పొద్దు నీదే సాబు. మా పిల్ల ఓర్సుకుంటది" అన్నాడు నాయిన.

పిల్ల ఓర్చుకోలేదు. ముందు చెంపలు పోయాయి. తర్వాత తొడల మీద చర్మం వదులైంది. నాకు పాలూ తగ్గాయి. పొద్దున కట్టుకుపోయి కారిపోయే పాలు సాయంత్రానికి పలచబడ్డాయి. అమ్మకు అనుమానం వచ్చింది. "ఒకపారి దవాఖానకు తీస్కపోయి సూపిద్దమా" అంది. కానీ అప్పటికి ఊరు ఊరులా లేదు. రజాకార్ల భయం ఒక పక్క, సైన్యం వస్తుందనే మాట ఒక పక్క. బస్సులు ఆగిపోయాయి. నా పెనిమిటి కోదాడ వైపు నుంచి రాలేకపోయాడు. ఇరవై ఒకటో నాడు చెయ్యాల్సిన తొట్లె కూడా ఆగింది. తండ్రి లేకుండా తొట్లెలో ఎట్లా వేస్తాం, పేరెట్లా పెడతామన్నాడు నాయిన. అందరం పిల్లా అనే పిలిచాం.

తర్వాత సైన్యం వచ్చింది. మా వాడవాళ్లు రోడ్డు మీదికి పోయి చూసొచ్చారు. రజాకార్లు పారిపోయారని సంబరపడ్డారు. ఆ సంబరం రెండు రోజులకే ఇంకో రంగు తిరిగింది. తుర్కల ఇళ్ల మీద గుంపులు పడుతున్నాయని వార్తలు. రజాకార్లు చేసిన పాపానికి, ఏ పాపమూ తెలియని ముసలివాళ్లను ఈడ్చారు. నాయిన అంతకుముందే బీబీని తన బండిలో మిర్యాలగూడకు, ఆమె కూతురింటికి చేర్చి వచ్చాడు. తాత పోనన్నాడు. "నేను పోతే అజా ఎవరిస్తరు" అన్నాడు.

ఆ మంగళవారం పొద్దున కోడికూతకు అజా వినబడింది. ఎప్పటిలా కాదు, గొంతు తగ్గించి. నేను లేచి పాలిచ్చాను. పిల్ల కొంచెం తాగి అలిసిపోయింది. వాన పడుతోంది.

ఆ తర్వాత పిలుపు కోసం చూశాను. మబ్బుకు ఎండ లేదు, నీడ లేదు. వాకిలి వేసి ఉంది. నాయిన బయటి అరుగు మీద గొంగడి కప్పుకొని వీధికేసి చూస్తూ కూర్చున్నాడు. పిల్ల ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఆపింది.

"దారికొచ్చింది" అంది నాయనమ్మ. "ఏడ్సుడు మానింది. నర్సమ్మ జెప్పలే, అలవాటైతదని."

అమ్మ పిల్ల కాలు పట్టుకొని చూసింది. "సల్లగున్నది."

"వాన గదా."

నేను వాకిలి సందులోంచి నాయినను అడిగాను. "నాయినా, ఇంక అజా కాలేదా?"

ఆయన నావైపు తిరగలేదు. "అయితది. లోపలికి పో."

నేను లోపలికి పోయి పిల్లను ఒళ్లో పెట్టుకొని గోడకు ఆనుకున్నాను. పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. పిల్ల కళ్లు సగం మూసి ఉన్నాయి. అమ్మ బువ్వ వండింది. ఎవరూ తినలేదు. బువ్వ చల్లారింది. ఇంకా పిలుపు లేదు. మబ్బు వల్ల వేళ తెలియడం లేదనే అనుకున్నాను.

అప్పుడు మా గడ్డి కొట్టం తడిక కదిలింది. గడ్డంలో గడ్డిపోచలతో, వంగి, తాత బయటికి వచ్చాడు.

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొద్దుటి అజా ఇచ్చి దిగగానే గుంపు వస్తోందని నాయినకు తెలిసిందట. తాతను గోడ దాటించి మా గడ్డిలో దాచాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఆడవాళ్లకు తెలిస్తే వీధికి తెలుస్తుందని. నేను ఎవరి గొంతు కోసం చూస్తున్నానో ఆ మనిషి పొద్దుటి నుంచి నాకు పది అడుగుల దూరంలో నోరు మూసుకొని కూర్చున్నాడు. పిల్ల ఏడవడం విన్నాడు, ఏడుపు ఆగడం విన్నాడు.

"బిడ్డా, నేను గీడనే ఉన్న" అన్నాడు. "యాళ దాటిపోయింది. ఇయ్యాల అజా లేదు. నువ్వు పాలియ్యి తల్లీ."

నేను పిల్లను రొమ్ముకు పెట్టుకున్నాను. పాలు ధారగా వస్తున్నాయి. పిల్ల నోట్లో పడి పెదవి పక్క నుంచి కారిపోయాయి. పిల్ల చప్పరించలేదు.

నాయిన లోపలికి వచ్చి ఇదంతా చూశాడు. పొద్దుటి నుంచి ఆయన మనసులో అజా అంటే ఒక మనిషి ప్రాణం. అది పాల వేళ కూడా అని ఆయనకు ఆ భయంలో గుర్తు రాలేదు. నేను ఆయననేమీ అనలేదు. ఇప్పుడూ అనను.

నాయిన బండి కట్టాడు. "బయట గుంపులు తిరుగుతున్నయిరా" అంది నాయనమ్మ. తాత, "నేను వెళ్లిపోత. మీరు లేనప్పుడు నేను దొరికితే మీ ఇల్లు పోతది" అన్నాడు.

"కూసో సాబు. గడ్డిల కూసో. రెండు ప్రాణాలు ఒక్కపారి మొయ్యాలంటే నాతోని గాదు. ఒకటి నువ్వు సూస్కో."

తాత వెనక్కి తిరిగి కొట్టంలోకి పోయాడు.

దవాఖానలో డాక్టరు లేడు. నర్సమ్మ ఒక్కతే ఉంది. అందరూ వెళ్లినా ఆమె వెళ్లలేదు. పిల్లను చూడగానే బల్ల మీద పడుకోబెట్టి, కంబళి కప్పి, ఒక గిన్నెలో నా పాలు పిండమంది. చెంచా చివర ఒక్కో చుక్క పిల్ల నాలుక మీద వేస్తూ మా అమ్మను అడిగింది.

"ఎన్నిసార్లు ఇస్తున్నారు?"

"ఐదుపార్లు. నువ్వు జెప్పినట్టే. ఒక్కపారి ఎక్కువియ్యలే, తక్కువియ్యలే."

"ఏయే వేళలకు?"

"అజా అయినప్పుడల్ల."

చెంచా ఆగింది. "పొద్దున మొదటిది?"

"కోడి కూసినప్పుడు."

"తర్వాత?"

"బువ్వ యాళ దాటినంక."

నర్సమ్మ గోడ మీద గడియారం వైపు చూసింది. ఆమె పెదవులు కదిలాయి, లెక్క వేసుకుంటున్నట్టు. లెక్క పూర్తి చేసి మావైపు తిరిగింది.

"ఇంట్లో గడియారం లేదా?"

"మాకెక్కడిదమ్మా" అంది నాయనమ్మ.

"నేను అడగలేదు" అంది నర్సమ్మ. ఇంకోసారి అదే మాట మెల్లగా అనుకుంది. తర్వాత మళ్లీ చెంచా ముంచింది.

పిల్ల రెండుసార్లు మింగింది. నా కళ్లతో చూశాను. మూడో చుక్క నాలుక మీదే ఉండిపోయింది. దీపాలు పెట్టే వేళ ఇంకా కాలేదు.

వాన తగ్గలేదు. ఊరి బయట పసిపిల్లలను పూడ్చే చోటుకు పోవడానికి దారి బాగాలేదని నాయిన అన్నాడు. నర్సమ్మ తెల్లగుడ్డ ఒకటి తెచ్చి పిల్లను తనే చుట్టింది. గొడుగు తీసుకొని మాతోపాటు బండెక్కింది. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. ఇంటికొచ్చి దొడ్లోనే, మసీదు గోడ పక్కన నాయిన పార అందుకున్నాడు. రెండు వేట్లు వేసి ఆగిపోయాడు. తాత కొట్టంలోంచి వచ్చి ఆ పార తీసుకున్నాడు. ముసలాయన, ఆపకుండా తవ్వాడు. వానకు మట్టి మెత్తగా ఉంది. నర్సమ్మ ఆయన మీద గొడుగు పట్టింది. తాత పెదవులు కదిలాయి, నర్సమ్మ పెదవులూ కదిలాయి. మా నాయనమ్మ ఒక గిన్నెతో నా పాలు తెచ్చి మట్టిలో పోసింది. ఆ గిన్నె దవాఖానకు ఆముదం తెచ్చిన గిన్నే.

వాడలో కొందరు దిష్టి అన్నారు. కొందరు పక్షి సోకిందన్నారు. తుర్క గొంతు విని పాలిస్తే బతుకుతుందా అన్నవాళ్లూ ఉన్నారు. ఆకలి అని ఒక్కరూ అనలేదు. నేను అంటాను. నా రొమ్ముల నిండా పాలుండగా నా బిడ్డ ఆకలికి పోయింది.

నా పెనిమిటి ఆ వారం చివర నడిచి వచ్చాడు. వాకిట్లో కాళ్లు కూడా కడుక్కోకుండా, "ఏదీ, పిల్లేదీ?" అన్నాడు. అమ్మ ఆయనను దొడ్లోకి తీసుకుపోయింది.

పాలు ఆగడానికి అమ్మ నా రొమ్ములకు గుడ్డ బిగించి కట్టింది. మల్లెలు కడితే తొందరగా ఆగుతాయంటారు, అది మల్లెల కాలం కాదు. గొడవలు సద్దుమణిగాక తాత తన గదికి పోయాడు. ఒక సాయంత్రం గోడ దగ్గరికొచ్చి నాయినను పిలిచాడు. "రేపటి సంది మళ్ల అజా ఇస్త. బిడ్డను లోపలి అర్రల పండుకోబెట్టు, ఇనరాకుంట" అన్నాడు. అమ్మ నన్ను లోపలి అర్రలో పడుకోబెట్టి తలుపు వేసింది. కోడికూతకు ఆయన పిలిచాడు. తలుపు ఏమాపుతుంది. నాకు మెలకువ రాకముందే పాలు చేపుకొచ్చాయి. ఆగిపోయాయనుకున్న పాలు. గుడ్డ కట్టంతా తడిసిపోయింది. అది బిడ్డకు నేర్పిన అలవాటు, నా ఒంటికి పట్టింది.

తర్వాత కోదాడ వెళ్లిపోయాను. రెండో కాన్పులో కొడుకు పుట్టాడు. కొత్త సర్కారు నర్సులను ఊళ్ల మీదికి పంపించేది, బాలింతలకు మంచీచెడ్డా చెప్పమని. ఒకనాడు కోదాడలో ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టారు. పోయి చూస్తే ఆ నర్సమ్మే. సన్నబడింది.

"ఐదుసార్లు, గంట చూసి ఇవ్వాలని మీకు చెప్పమన్నారు. చెప్పాను" అంది. "ఇప్పుడు నా మాట వినండి. ఏడిస్తే ఇవ్వండి."

ఒకావిడ అడిగింది. "రాత్రి ఏడిస్తేనో అమ్మా?"

"రాత్రి ఏడిస్తే రాత్రే ఇవ్వు. పొద్దున దాకా దాచిపెడతావా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, నేను నవ్వలేదు. చివర్న నా దగ్గరికొచ్చి నా కొడుకును చేతుల్లోకి తీసుకుంది. తొడ పట్టి చూసింది.

"ఎన్నిసార్లు ఇస్తున్నావు?"

"లెక్కపెడ్తలేను."

"మంచిది" అంది. బిడ్డను నా ఒళ్లో పెట్టి, పక్కావిడ దగ్గరికి వెళ్లింది. అంతే మాట్లాడుకున్నాం. నేను ఆమెను తిట్టలేదు, క్షమించానని కూడా చెప్పలేదు. ఆమె నేర్చుకున్నది చెప్పింది. మేం చెప్పింది చేశాం. అందరం మంచివాళ్లమే, పిల్ల మాత్రం లేదు.

ముసలితనంలో మిర్యాలగూడలో, తర్వాత పుట్టిన కూతురి దగ్గర ఉంటున్నప్పుడు పెద్దవాళ్ల బడిలో చేరి అక్షరాలు నేర్చుకున్నాను. దొరికిన గోడనల్లా చదివేదాన్ని. ఒకసారి మనవరాలికి సూదిమందు వేయించడానికి దవాఖానకు పోతే, గోడ మీద తల్లీబిడ్డ బొమ్మ, కింద నీలిరంగు అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వాలి. రాత్రీ పగలూ. మళ్లీ మొదటి నుంచి చదివాను. వెనక వరసలో వాళ్లు, "అవ్వా, జరుగు" అన్నారు. జరగలేదు. ఒక సర్కారు గోడ మీద రాయిస్తుంది, ఇంకో సర్కారు చెరిపి వేరేది రాయిస్తుంది. రాసినవాడు ఒకసారి మా ఇంటికొచ్చి, మీకు పొద్దు ఎట్లా తెలుస్తుందమ్మా అని అడిగుంటే చాలు.

ఆ మంగళవారం మా ఇంట్లో ఉన్నవాళ్లను చెప్పి ఆపేస్తాను. పేర్లు రాయను. ఆ పేర్లు ఇప్పుడు మనవళ్లు మోస్తున్నారు, వాళ్లకు ఈ బరువెందుకు. అరుగు మీద కూర్చున్న మా నాయిన. బువ్వ వండిన మా అమ్మ. ఆముదం గిన్నె మా నాయనమ్మ. గడ్డిలో దాగి, చివరకు తవ్విన తాత. గొడుగు పట్టిన నర్సమ్మ. నేను. నా ఒళ్లో నా పిల్ల. దానికి ఇంకా పేరు పెట్టలేదు.